మీరడిగారు: మృత్యు రైలుమార్గం

రెండో ప్రపంచయుద్ధంలో జపాన్ సైన్యం వేయించిన సయామ్ (థాయ్‌లాండ్)-బర్మా రైలు లైను కోసం యుద్ధఖైదీలు యంత్రాలు లేకుండానే కొండలు తొలిచారంటారు. ఎలా సాధ్యం?
– ఒక పాఠకుడు, సత్యనారాయణపురం, విజయవాడ

ఇద్దరేసి చొప్పున. ఒకరు ఉక్కు చువ్వ పట్టుకుంటే రెండోవారు సమ్మెటతో కొట్టేవారు. దెబ్బ దెబ్బకీ చువ్వను కాస్త తిప్పాలి, లేదంటే రంధ్రంలోనే బిగుసుకుపోతుంది. నీళ్లు పోస్తూ, కొస చదును చేసిన తీగతో రాతిపిండి తోడుతూ ఉండాలి. లేకపోతే దెబ్బంతా పిండి మీదే పడి రాయి తెగదు. సుమారు మీటరు లోతు దిగాక డైనమైట్ కూరి పేల్చేవారు. ఆ బండముక్కలు మోసేందుకు గంపలే గతి. థాయ్‌లాండ్‌లో కొన్యూ దగ్గరి హెల్‌ఫైర్ పాస్‌ను (నరకాగ్ని కనుమ) ఇలాగే తొలిచారు. దాని లోతు ఒకచోట సుమారు 25 మీటర్లు. 1943లో గడువు తరుముకొచ్చేసరికి రాత్రిపూట మంటల వెలుగులో కూడా పని చేయించారు. ఆ మంటల వల్లే ఆ పేరు. మొత్తం లైను 415 కిలోమీటర్లు, విజయవాడ నుంచి చెన్నైకి ఉన్నంత దూరం కన్నా కాస్త తక్కువ. రెండు కొసలనుంచీ వేసుకొస్తూ 1943 అక్టోబరు 17న కొంకోయిటా దగ్గర కలిపారు.

చనిపోయింది ఎక్కువగా తెల్ల సైనికులేనా? మనవాళ్లెవరైనా ఉన్నారా?
– ఒక పాఠకురాలు, అరండల్‌పేట, గుంటూరు

కాదు. సినిమాలు చూసి అలా అనుకుంటాం. ఖైదీలు 60 వేలకు పైనే, వారిలో పోయినవారు 12 వేలకు పైచిలుకు. ఆసియా కూలీల్లో మాత్రం దాదాపు 90 వేల మంది పోయారని అంచనా. మలయా రబ్బరు తోటలనుంచి తరలించిన వారిలో తమిళులు ఎక్కువ, తెలుగువాళ్లూ ఉన్నారు. జీతం ఇస్తామని ఆశపెట్టి కొందర్ని, బలవంతంగా కొందర్ని తీసుకెళ్లారు.

ఇంత తేడా ఎందుకంటే, ఖైదీలకు సొంత అధికారులూ డాక్టర్లూ ఉన్నారు. నీళ్లు మరిగించి తాగాలి, మరుగుదొడ్లు దూరంగా తవ్వాలి అన్న కట్టుబాటు ఉండేది. 1943 వానాకాలంలో కలరా విరుచుకుపడితే వాళ్ల డాక్టర్లు నీళ్లను ఆవిరిచేసి, చల్లార్చి శుద్ధిచేసి, ఉప్పు కలిపి, వెదురుతో సూది చెక్కి నరంలోకి ఎక్కించారు. కూలీల క్యాంపుల్లో చాలావాటిలో డాక్టరూ లేడు, చెప్పేవాడూ లేడు. ఏటి నీళ్లే తాగారు. ఎగువ క్యాంపు మురికి దిగువ క్యాంపుకి చేరేది. ఖైదీలకు థాయ్‌లాండ్‌లోని కాంచనబురిలోనూ బర్మాలోని తన్‌బ్యుజయాత్‌లోనూ వరసగా పేర్లు చెక్కిన సమాధులున్నాయి. కూలీల్లో చాలామందికి సమాధి కాదుగదా, పేరు రాసిన కాగితం కూడా లేదు. కూలీల లెక్కను ‘అంచనా’ అనటానికి కారణం అదే.

ఆ లైను మీద కాంచనబురి దగ్గరున్న క్వాయ్ నది వంతెన ఇప్పటికీ ఉందా?
– ఒక విద్యార్థి, బ్రాడీపేట, గుంటూరు

ఉంది, రైలూ నడుస్తోంది. ఒకప్పటి మన గుంటూరు-మాచర్ల లైనులాగా మీటర్ గేజే. వంపు తిరిగిన ఉక్కు స్పాన్లు (స్తంభాల మధ్య భాగాలు) జావా నుంచి తెచ్చిన అసలువి. మధ్యలో కోణాలు తేలినవి రెండూ 1945 బాంబుదాడుల్లో పడిపోయిన వాటి స్థానంలో యుద్ధం తర్వాత పెట్టినవి. రైలు నామ్ టోక్ దాకానే వెళ్తుంది.