నలభైకి దగ్గరపడ్డాక ఉద్యోగం ఆపి, ఏడాది ఇటలీలో ఉండి భాష నేర్చుకోవచ్చా?

నిక్షేపంగా నేర్చుకోవచ్చు. మీకు 38 ఏళ్లనీ, ఆఫీసులో ఏడాది సెలవు ఇస్తామన్నారనీ, ఫ్లోరెన్స్‌లో కోర్సు చూసుకుంటున్నాననీ రాశారు. వెళ్లండి, కానీ ఫ్లోరెన్స్ వద్దు. నేనూ ఇంచుమించు అదే వయసులో వెళ్లి పెరూజాలో ఉన్నాను, ఆ అనుభవంతోనే చెబుతున్నాను.

ఫ్లోరెన్స్, రోమ్, వెనిస్‌లలో మీరు తడుముకుంటూ ఒక వాక్యం మొదలుపెట్టేలోపే అవతలివాళ్లు ఇంగ్లీషులోకి మారిపోతారు. పొద్దస్తమానం టూరిస్టులతో వేగేవాళ్లకు మన క్రియల కోసం ఆగే తీరిక ఎక్కడిది? పెరూజా మధ్య ఇటలీలోని ఉంబ్రియా ప్రాంతంలో కొండ మీది ఊరు. విదేశీయులకు ఇటాలియన్ నేర్పడానికే అక్కడ ఒక ప్రభుత్వ యూనివర్సిటీ ఉంది, దాని కోర్సులు 1921లో మొదలయ్యాయి. రోమన్లకు ముందు అక్కడున్న ఎట్రుస్కన్ల కాలం నాటి రాతి ద్వారం పక్కనే పాలాజ్జో గల్లెంగా అనే భవనంలో ఉంటుంది. సియెనాలోనూ ఇలాంటి యూనివర్సిటీ ఉంది. వయసు గురించి టెన్షన్ అక్కర్లేదు. నా క్లాసులో కాలేజీ పిల్లల పక్కనే క్రైస్తవ సన్యాసినులు, రిటైరైనవాళ్లు కూర్చునేవారు.

క్లాసు సగమే. మిగతా సగం మీరు ఉండే ఇల్లు. దయచేసి మనవాళ్లతో కలిసి ఫ్లాట్ తీసుకోకండి. నేను ఒక పెద్దావిడ ఇంట్లో గది అద్దెకు తీసుకున్నాను. సాయంత్రం వంటింటి బల్ల దగ్గర ఆవిడ చిక్కుడు గింజలు ఒలుస్తూ, ఈ రోజు ఏం చేశావని అడిగేది. అంతా భూతకాలంలో చెప్పాలి. ఇటాలియన్‌లో వెళ్లానంటే ఒక సహాయక క్రియ, తిన్నానంటే ఇంకొకటి. నేను తప్పు పలికితే ఆవిడ ఆపేది కాదు. సరైన రూపాన్ని తన మాటలో కలిపి మళ్లీ అడిగేది, చేతులు మాత్రం గింజల మీదే ఉండేవి. ఏ పుస్తకమూ నాకు అంత చక్కగా నేర్పలేదు. ఇప్పటికీ ఆవిడ మీద చాలా ప్రేమ నాకు.

ఉచ్చారణలో తెలుగువాళ్లకు ఒక మేలుంది. కాసా అంటే ఇల్లు, కాస్సా అంటే డబ్బు కట్టే కౌంటర్. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్లు ఇలాంటి ఒత్తుల దగ్గర తెగ కష్టపడతారు, మనకు చెవికి ఇట్టే అందుతుంది. ఒక్కటే జాగ్రత్త: ఇంగ్లీషు అలవాటు కొద్దీ ట అనకండి, అక్కడున్నది త. చీజ్ కొనేటప్పుడు 'ఎత్తో' అని అడగాలి, అంటే 100 గ్రాములు.

తిండికి శాకాహారులకూ ఇబ్బంది లేదు. పెనం మీద కాల్చే తోర్తా అల్ తెస్తో అనే రొట్టెలో ఆకుకూర పెట్టి ఇస్తారు, కడుపు నిండుతుంది. ఉంబ్రియా బ్రెడ్డులో ఉప్పు వెయ్యరు, మొదట్లో చప్పగా అనిపిస్తుంది. ఆవకాయ పట్టుకెళ్లండి, ఆ బ్రెడ్డుకూ దీనికీ భలే కుదురుతుంది.

కాగితాల పని మాత్రం ముందే తెలుసుకుని వెళ్లండి. 90 రోజులు దాటి ఉండాలంటే డి రకం స్టూడెంట్ వీసా కావాలి. దిగిన 8 పని దినాల్లోపు పోస్టాఫీసులో పెర్మెస్సో ది సొజొర్నోకు, అంటే అక్కడ ఉండటానికి అనుమతి పత్రానికి, అప్లై చెయ్యాలి. దానికి 16 యూరోల స్టాంపు అతికించాలి, వేరే ఫీజులూ ఉంటాయి. వేలిముద్రలకు పోలీసు ఆఫీసు పిలుస్తుంది. కార్డు చేతికి రావడానికి నెలలు పట్టొచ్చు, అందాకా పోస్టాఫీసు రశీదు పారేసుకోకండి. ఆ అనుమతి మీద వారానికి 20 గంటల వరకు పని చెయ్యొచ్చు గానీ, దాన్ని నమ్ముకుని వెళ్లొద్దు. ఏడాది ఖర్చు చేతిలో ఉంటేనే బయల్దేరండి.

వెళ్లేముందు ఇక్కడే ఆన్‌లైన్‌లో ఏ2 స్థాయి, అంటే రోజువారీ చిన్న చిన్న మాటలు మాట్లాడగలిగే దాకా వచ్చేయండి, లేకపోతే మొదటి నెలలన్నీ అంకెలు, వారాల పేర్లతోనే సరిపోతాయి. సెప్టెంబరు, అక్టోబరుల్లో చేరితే బాగుంటుంది. అక్కడ చేరగానే చేలీ 3 అనే ఇటాలియన్ భాషా పరీక్ష తేదీ చూసుకుని ఫీజు కట్టేయండి. అది బీ2 స్థాయి, అంటే సినిమా చూసి దాని మీద వాదించగలిగే స్థాయి. మీకున్న ఏడాదికి అది అందే లక్ష్యమే.