పాత బైక్ హెడ్‌లైట్‌కి లో బీమ్ (దగ్గరి రోడ్డు మీద పడే లైటు) గుంతల్లో పడ్డప్పుడల్లా ఆరిపోతూ వెలుగుతోంది, హై బీమ్ బాగానే వస్తోంది. బల్బు మార్చినా అంతే. వైరింగ్ కిట్ మొత్తం మార్చాలా?

అప్పుడే కిట్ జోలికి వెళ్లకండి. హై బీమ్ బాగానే వస్తోందని, గుంతల్లో పడ్డప్పుడు లో బీమ్ మాత్రమే పోతోందని మీరే రాశారు. సగం సమాధానం అందులోనే ఉంది. స్విచ్‌కి వచ్చే కరెంటు, బల్బు నుంచి వెళ్లే ఎర్త్ (కరెంటు ఫ్రేము ద్వారా తిరిగి వెళ్లే దారి) రెండు బీమ్‌లకూ ఒకటే. హై బీమ్ నిలకడగా వెలుగుతోందంటే ఆ రెండూ బాగున్నట్టే. ఇక మిగిలింది డిప్పర్ స్విచ్ (హై, లో బీమ్‌లు మార్చేది) లోపలి లో బీమ్ కాంటాక్ట్, అక్కడి నుంచి బల్బు దాకా వెళ్లే ఒక్క వైరు, బల్బు హోల్డర్‌లో దాని పిన్ను.

ముందు హోల్డర్ విప్పండి. ప్లాస్టిక్ గోధుమ రంగుకి తిరిగినా, కరిగినా, పిన్ను వదులైనా దాన్ని మార్చేయండి. శుభ్రం చేసి మళ్లీ పెడితే కొన్నాళ్లకు అదే కథ. తర్వాత డిప్పర్ స్విచ్. లోపలి ఇత్తడి కాంటాక్ట్‌లు నల్లబడితే సన్న సాండ్‌పేపర్‌తో తేలిగ్గా రుద్దితే చాలు. విప్పేటప్పుడు చిన్న స్ప్రింగు, గుండు ఎగిరిపోతాయి, కింద గుడ్డ పరుచుకోండి.

నా బైక్‌లో ఈ రెండూ బాగానే ఉన్నాయి. హ్యాండిల్ ఎడమకు పూర్తిగా తిప్పితే లైటు పోయేది, తిన్నగా పెడితే వచ్చేది. హ్యాండిల్ తిరిగినప్పుడల్లా వైర్ల కట్ట మడతపడే చోట, లో బీమ్ వైరు లోపలి తీగలు తెగిపోయాయి. పైన తొడుగు మాత్రం చెక్కుచెదరలేదు, చూస్తే ఏమీ తెలియదు. కాబట్టి బండి సెంటర్ స్టాండ్ మీద పెట్టి, లైటు వేసి, హ్యాండిల్‌ను ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పండి. స్టీరింగ్ దగ్గర ఒక్కో వైరునీ వేళ్లతో కదిపి చూడండి.

మల్టీమీటర్ ఉంటే ఒక జాగ్రత్త. వైరు విడదీసి బీప్ పరీక్ష (వైరు తెగలేదని మీటర్ బీప్‌తో చెప్పేది) చేసి ‘వైరు బాగుంది’ అనేస్తారు చాలామంది. లోపల ఒక్క పోగు మిగిలినా బీప్ వస్తుంది, కానీ 35 వాట్ల బల్బుకు కావలసిన దాదాపు 3 ఆంప్స్ ఆ పోగు సరిగ్గా మోయలేదు. బల్బు వెలుగుతుండగానే కొలవాలి. బ్యాటరీ మీద నడిచే లైటైతే నల్ల ప్రోబ్ బ్యాటరీ నెగటివ్‌కి, ఎర్ర ప్రోబ్ హోల్డర్ వెనక లో బీమ్ పిన్నుకి పెట్టండి. బ్యాటరీ దగ్గర 12.5 వోల్టులు ఉండి ఇక్కడ 11 చూపిస్తే దారిలో ఒకటిన్నర వోల్టు పోతున్నట్టు. చిన్న తేడాలా ఉంటుంది గానీ, వెలుగు సుమారు మూడో వంతు పడిపోతుంది. అర వోల్టు లోపు తేడా అయితే పట్టించుకోనక్కర్లేదు.

చాలా పాత బళ్లలో హెడ్‌లైట్ బ్యాటరీతో పనిలేకుండా మాగ్నెట్ కాయిల్ (ఇంజన్ తిరిగితే కరెంటు పుట్టించేది) నుంచే నేరుగా వెలుగుతుంది. కీ ఆన్ చేసినా ఇంజన్ స్టార్ట్ అయ్యేదాకా లైటు రాక, రేజ్ చేస్తే వెలుగు పెరుగుతుంటే మీదీ అదే రకం. అప్పుడు న్యూట్రల్‌లో ఇంజన్ నడుస్తుండగా, మల్టీమీటర్‌ను ఏసీ వోల్టుల్లో పెట్టి కొలవండి. ఐడిల్‌లో డిమ్‌గా ఉండటం అందులో సహజమే, దానికి టెన్షన్ పడొద్దు.

ఇదే సమస్యతో వచ్చే మిగతావాళ్ల కోసం: రెండు బీమ్‌లూ డిమ్‌గా ఉంటే ముందు ఎర్త్ అనుమానించండి. లో బీమ్‌లో ఉండగా స్పీడోమీటర్‌లోని హై బీమ్ నీలం లైటు మసకగా వెలిగిందంటే ఇక సందేహమే లేదు. ఎర్త్ దొరకని కరెంటు బల్బులోని రెండో ఫిలమెంట్ (హై బీమ్ వెలిగే తీగ) గుండా ఆ చిన్న బల్బులోకి దారి వెతుక్కుంటుంది. ఎర్త్ వైరు ఫ్రేముకు బిగించిన బోల్టు దగ్గర తుప్పు, పెయింటు గీకేసి గట్టిగా బిగిస్తే సరిపోతుంది.

మరొకటి, 35/35 బల్బు (హై బీమ్, లో బీమ్ వాట్లు) ఉండాల్సిన చోట ఎవరైనా 60/55 పెట్టారేమో చూడండి. 60 వాట్లంటే 5 ఆంప్స్. హోల్డర్ కరగడానికి తరచూ కారణం ఇదే, పైగా మాగ్నెట్ కాయిల్ బళ్లలో వెలుగు పెరగకపోగా తగ్గుతుంది. రేజ్ చేసినప్పుడల్లా బల్బులు మాడిపోతుంటే మాత్రం వైర్లు వదిలేసి రెగ్యులేటర్ (వోల్టేజీ హద్దు దాటకుండా ఆపేది) మెకానిక్‌కి చూపించండి. అది సరిచేయకుండా ఎన్ని కొత్త బల్బులు పెట్టినా నిలవవు.