బుల్లెట్ కంప్రెషన్ పడిపోతే హెడ్డు విప్పేముందు చూడాల్సినవి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ పాత 350 బుల్లెట్ కిక్ మెత్తగా దిగిపోతోందనీ, పొద్దున పూట ఒక పట్టాన స్టార్ట్ కావడం లేదనీ, మెకానిక్ చూడగానే "బోర్ పోయింది, పిస్టన్ మార్చాలి" అన్నాడనీ రాశావు. ఆ మాట నిజమే కావచ్చు. కానీ బోర్ అంటే పిస్టన్ ఆడే గొట్టం లోపలి గోడ, బోరింగ్ అంటే ఆ ఇనుప బ్యారెల్ లోపల లోహాన్ని కోసి పారేయడం. కోసింది తిరిగి రాదు. కంప్రెషన్, అంటే పిస్టన్ పైకి వస్తూ సిలిండర్‌లో నొక్కే గాలి, ఎటు పోతోందో తేలేదాకా హెడ్డు (సిలిండర్ పైమూత) మీద పానా పెట్టనివ్వకు.

మొదట డీకంప్రెసర్ చూడు, అంటే కిక్ తేలికయ్యేలా ఎగ్జాస్ట్ (పొగ పోయే) వాల్వ్‌ను కాస్త ఎత్తే లివర్. దాని కేబుల్ బిగుసుకుంటే ఎగ్జాస్ట్ వాల్వ్ వెంట్రుకవాసి తెరుచుకునే ఉంటుంది, కంప్రెషన్ అటే పోతుంది. లివర్ దగ్గర రెండు మూడు మిల్లీమీటర్ల వదులు ఉండాలి. అనుమానముంటే కేబుల్ పూర్తిగా ఊడదీసి కిక్ కొట్టి చూడు.

తర్వాత టాపెట్లు, అంటే వాల్వ్‌లను తెరిచే పుష్‌రాడ్ కడ్డీల వదులును సరిచేసే ముక్కలు. ఇంజిన్ చల్లగా ఉండాలి, పిస్టన్ కంప్రెషన్ స్ట్రోక్ చివర పైన ఉండాలి. ఇన్‌లెట్ పుష్‌రాడ్ లేచి దిగాక పిస్టన్ మళ్ళీ పైకి వచ్చే చోటే అది. కుడివైపు టాపెట్ మూత తీసి రెండు పుష్‌రాడ్‌లనూ వేళ్ళతో తిప్పు. తేలిగ్గా తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఆడకూడదు. తిరగకుండా పట్టేస్తే వాల్వ్ సీటు మీద పూర్తిగా కూర్చోవడం లేదన్నమాట. అలాగే నడిపితే ఎగ్జాస్ట్ వాల్వ్ అంచు కాలిపోతుంది.

క్లచ్ కూడా మోసం చేస్తుంది. ఈ బండిలో కిక్ బలం గేర్‌బాక్స్ నుంచి క్లచ్ ద్వారానే క్రాంక్‌కు చేరుతుంది. ప్లగ్‌కు నిప్పురవ్వ ఇప్పించే పాయింట్ల మూత తీసి, కిక్‌ను మెల్లగా నొక్కుతూ లోపలి క్యామ్ చూడు. లివర్ దిగుతున్నా క్యామ్ కదలకపోతే జారుతున్నది క్లచ్చే. బోర్‌ను తప్పుపట్టకు. ఇక చోక్ వేసి పదేపదే కిక్ కొట్టిన బండిలో పెట్రోలు సిలిండర్ గోడల మీది ఆయిల్‌ను కడిగేస్తుంది, పిస్టన్ చుట్టూ ఉండే రింగులు మంచివైనా గాలిని ఆపలేవు. అలాంటప్పుడు ప్లగ్ తీసి, చెంచాడు ఆయిల్ పోసి, నాలుగు కిక్‌లు కొట్టి రాత్రంతా వదిలెయ్.

ఇవన్నీ సరిగ్గా ఉంటే కంప్రెషన్ కొలిచే గేజ్ తీసుకో. రబ్బరు మొనను చేత్తో అదిమి పట్టేది వద్దు, 14 మిల్లీమీటర్ల ప్లగ్ మరలో బిగించేదే కావాలి. దాని చిన్న వన్‌వే వాల్వ్ ప్లగ్ కొన దగ్గరే ఉండాలి. పైన గేజ్ దగ్గరుంటే గొట్టంలోని ఖాళీ కూడా కంబషన్ చాంబర్‌లో కలిసి, రీడింగ్ తప్పుడుగా తక్కువ వస్తుంది. ఇంజిన్ స్టార్ట్ అయ్యేదైతే పది నిమిషాలు వేడెక్కనివ్వు. తాళం ఆపెయ్, చోక్ తీసెయ్, థ్రాటిల్ పూర్తిగా తిప్పి పట్టుకో. థ్రాటిల్ మూసి కొలవడం అందరూ చేసే తప్పు, సిలిండర్‌కు గాలే అందదు. ముల్లు పెరగడం ఆగేవరకు, అంటే ఆరేడు సార్లు, గట్టిగా కిక్ కొట్టు. సుమారు 100 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) వస్తే ఇంజిన్ బాగానే ఉన్నట్టు. కానీ కిక్ బలాన్ని బట్టి అంకె మారుతుంది, కాబట్టి దాని కంటే తర్వాతి పరీక్షను నమ్ము.

మందుల షాపులో 5 మి.లీ. సిరంజి కొని, కొనకు సన్నని గొట్టం తగిలించి, దాని నిండా ఇంజిన్ ఆయిల్ తీసుకుని ప్లగ్ రంధ్రంలోకి వదులు. కిక్‌తో ఇంజిన్‌ను రెండు మూడు సార్లు మెల్లగా తిప్పి మళ్ళీ కొలువు. 60 ఉన్నది 90కి పోతే రింగులో, బోరో. 65 దగ్గరే ఆగితే వాల్వులో, హెడ్ గాస్కెట్టో. ఆయిల్ ఎక్కువ పోయొద్దని ఎందుకంటున్నానంటే, 346 సీసీ ఇంజిన్‌కు 7.25 కంప్రెషన్ నిష్పత్తి అంటే పిస్టన్ పైకి వచ్చినప్పుడు పైన మిగిలే ఖాళీ దాదాపు 55 మి.లీ. మాత్రమే. 20 మి.లీ. పోస్తే నిష్పత్తి 10 దాటుతుంది, వాల్వ్ కాలిపోయినా ముల్లు పైకి లేస్తుంది.

ఇంకా ఖాయం చేసుకోవాలంటే గాలి పెట్టి వినాలి. పాత ప్లగ్‌లోని పింగాణీ పగలగొట్టి తీసేసి, ఆ ఖాళీకి ట్యూబ్ వాల్వ్ వెల్డ్ చేయించు. సైకిల్ పంపు చాలు. పిస్టన్‌ను మళ్ళీ అదే కంప్రెషన్ చోట నిలిపి, టాప్ గేర్‌లో పెట్టి, వెనక బ్రేకు ఒకరిని గట్టిగా తొక్కి ఉంచమను. 70 మిల్లీమీటర్ల పిస్టన్ మీద మూడు కేజీల ప్రెషర్ పెడితే దాదాపు 115 కేజీల బరువు పడుతుంది, చక్రం చటుక్కున తిరిగితే వేళ్ళు నలుగుతాయి. కార్బురేటర్‌లో బుస వినిపిస్తే ఇన్‌లెట్ వాల్వ్, సైలెన్సర్‌లో అయితే ఎగ్జాస్ట్, ఇంజిన్ కింది గది గాలి బయటికి పోయే బ్రీదర్ పైపులో అయితే రింగులు. హెడ్డు అతుకు చుట్టూ సబ్బునీళ్ళు రాస్తే బుడగలు వచ్చిన చోటే గాస్కెట్ పోయినట్టు. మంచి రింగుల నుంచి కూడా కొంచెం గాలి పోతుంది, దానికి కంగారుపడకు. వాల్వ్‌ల దగ్గర మాత్రం అసలు పోకూడదు.

వాల్వ్ అని తేలితే హెడ్డు మాత్రమే దింపు. తిరగేసి, ప్లగ్ బిగించి, చాంబర్‌లో కిరోసిన్ పోస్తే కారుతున్న పోర్టు అదే చెబుతుంది. వాల్వ్‌ను గ్రైండింగ్ పేస్టుతో సీటు మీద రుద్దాక సీటు చుట్టూ తెగని బూడిదరంగు వలయం రావాలి. గుంటలు లోతుగా ఉంటే పేస్టుతో అరగదీయకు, లేతు షాపులో సీటు కటింగ్ చేయించు.

రింగులే అయితే బ్యారెల్ తీసి, పై రింగును బోర్‌లో పిస్టన్ తలతో అంగుళం లోపలికి నిటారుగా తోసి, ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే పలుచని రేకులతో) రింగు కొసల మధ్య సందు కొలువు. కొత్త రింగుకు 0.3 మి.మీ. దగ్గర ఉండాలి, 0.8 దాటితే రింగు పని అయిపోయింది. అదే రింగును బోర్ అడుగున, అరగని చోట కూడా పెట్టి చూడు. అక్కడ సందు బాగుండి, పైన ఎక్కువైతే అరిగింది బోర్. ఎక్కువగా అరిగేది పైభాగమే, అదీ ముందూ వెనకల. బోర్ గేజ్‌తో పైన, మధ్యన, కింద, రెండు దిక్కులా కొలిపించి కాగితం మీద రాయించుకో. ఆ కొలతల మధ్య తేడా 0.2 మి.మీ. దాటితేనే బోరింగ్‌కు ఇవ్వు. అప్పుడు కూడా పిస్టన్ ముందు కొని చేతికిచ్చి, దాన్ని కొలిచి దానికి తగ్గట్టు బోర్ కోయమను.

ముందైతే కేబుల్ ఊడదీసి, కిక్ ఎలా ఉందో రాయి.

మీ మామయ్య