ఉత్తరాలు అచ్చు వేస్తామంటున్నారు

ప్రశ్న: నాకు 74 ఏళ్లు. మాది పశ్చిమ గోదావరి జిల్లాలో ఓ పల్లె. మావారు మిలటరీలో హవల్దారుగా చేసి రిటైరయ్యారు. 71 యుద్ధంలో తూర్పు వైపున ఉన్నారు. నాకు పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయాక జడ వేసింది, అన్నం కలిపి పెట్టింది ఆయనే. వచ్చే నెల సంవత్సరీకం. పిల్లలు ఆయన మీద పుస్తకం వేస్తున్నారు, అందులో అంతా యుద్ధమే. నాకు రాసిన ఉత్తరాలు కూడా అచ్చు వేస్తారట. వద్దంటే "నాన్న గొప్పతనం నలుగురికీ తెలియొద్దా" అంటున్నారు. పెన్షన్ కాగితాల మీద వేలిముద్ర వేయడానికి కూడా మనసు రావడం లేదు.

జవాబు: అమ్మా, ఆ ఉత్తరాలు మీకు రాసినవి. ఎవరు చదవాలో తేల్చాల్సింది మీరే. వద్దని గట్టిగా చెప్పండి, ఆయన గొప్పతనం దానివల్ల తరిగిపోదు.

పిల్లల మీద మాత్రం కోపం పెట్టుకోకండి. వాళ్ల చిన్నప్పుడు నాన్నంటే సెలవుకి వచ్చి వెళ్లే మనిషి. మెడల్స్, డిసెంబరు 16న ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయిన సంగతి... వాళ్లకు దొరికిన నాన్న అంతే. మిగతా మనిషి మీ దగ్గర ఉన్నారు. అందుకే వద్దని ఊరుకోకుండా, ఆ మిగతాది మీరు చెప్పాలి.

ఉత్తరాలు విప్పకుండానే చెప్పొచ్చు. తూర్పున ఉన్న జవానుకి ఉత్తరం రాయాలంటే నంబరు, పేరు, యూనిట్, కింద 99 ఏపీఓ (ఆర్మీ పోస్టాఫీసు) అని రాస్తే చాలు. ఊరి పేరు ఉండేది కాదు. మనిషి ఎక్కడున్నాడో తెలియకుండానే ఉత్తరం డబ్బాలో వేసి, పోస్ట్‌మాన్ కోసం గుమ్మంలో నిలబడిన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. యుద్ధం గురించి రాస్తూ అది వదిలేస్తే ఆ పుస్తకం సగమే అవుతుంది.

ఇప్పుడు మీకు జడ ఎవరు వేస్తున్నారో రాయలేదు. కూతురినో మనవరాలినో అడగండి, మొహమాటపడకండి. తను దువ్వుతుంటే, ఆయన చిక్కు ఎలా తీసేవారో, పాయలు ఎంత బిగించేవారో, మీరు ఎప్పుడు విసుక్కునేవారో చెప్పండి. ఫోన్‌లో రికార్డు చేయమనండి. భార్యకు అన్నం కలిపి పెట్టడం మన ఊళ్లలో మగవాళ్లు బయటికి చెప్పుకోరు. అందుకే అది అచ్చులో ఉండి తీరాలంటాను. మనవలు చదవాలి.

ఇక పెన్షన్. మనిషే లేనప్పుడు డబ్బెందుకు అనిపిస్తుంది, అర్థమవుతోంది. కానీ ఫ్యామిలీ పెన్షన్ ఆయన సర్వీసు వల్ల మీకు వచ్చిన హక్కు. ఆయన పోయిన మర్నాటి నుంచీ లెక్క కడతారు కాబట్టి ఆలస్యమైందని భయపడొద్దు. మరణ ధ్రువపత్రం, పీపీఓ (ఆయన పెన్షన్ ఉత్తర్వు కాగితం), డిశ్చార్జ్ బుక్, ఆధార్, మీ బ్యాంకు పాస్‌బుక్ ఇచ్చి అబ్బాయిని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి పంపండి. స్పర్శ్‌లో (సైనిక పెన్షన్ల ఆన్‌లైన్ పోర్టల్) దరఖాస్తు ఎలా చేయాలో అక్కడ చెబుతారు. సర్వీసు రికార్డుల్లో మీ పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో కలుస్తున్నాయో లేదో ముందే చూడమనండి, పని ఆగేది ఎక్కువగా అక్కడే. పక్షవాతానికి మందులు మానకండి, ఫ్యామిలీ పెన్షనర్‌గా ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం)కు మీకూ అర్హత ఉంటుంది. ఆయన ఖాతాలో పెన్షన్ ఇంకా పడుతుంటే మాత్రం ఆ డబ్బు ముట్టుకోకండి, తర్వాత వెనక్కి తీసుకుంటారు.