గోగునారను పొయ్యి మీద పెట్టే ముందు

చిట్టితల్లికి,

ఉద్యోగం మానేసి బొబ్బిలిలో షెడ్డు అద్దెకు తీసుకున్నావని మీ అమ్మ ఫోనులో ఏడ్చింది. గోగునారతో కాగితం చేసి లాంప్‌షేడ్లు, పెట్టెలు తయారుచేస్తావట. దాన్ని ఓదార్చాను. ఫోను పెట్టేసి, పక్కింటికి వెళ్లి మా పిల్ల కాగితం చేస్తోందని చెప్పి వచ్చాను. నిద్ర మాత్రం పట్టలేదు.

నార కొనడం, నీళ్లు చూసుకోవడం నీకు చెప్పక్కర్లేదు. నరికేటప్పుడు అంగుళం దాటనివ్వకు. పొడవుగా వదిలితే, నారను గుజ్జు చేసే బీటరులో తాడులా పేనుకుపోతుంది.

ఇప్పుడు అసలు సంగతి. నా ఎడమ మణికట్టు మీది మచ్చ గురించి చిన్నప్పుడు అడిగితే, అరిసెలు వండుతుంటే నూనె చిందిందన్నాను. అది అబద్ధం.

నెల్లిమర్లలో మా కాగితం పాక ఉన్న రోజులు. శ్రావణమాసం, శుభలేఖల ఆర్డరు, ఇనుప డ్రమ్ముకు చిల్లు. పెళ్లిళ్లలో అన్నం వండే అల్యూమినియం డేగిసా అద్దెకు తెచ్చాను. త్వరగా ఉడుకుతుందని కాస్టిక్ సోడా అందుకున్నాను. అదైనా నీళ్లలో కొద్దికొద్దిగా వేశానా? అడుగున సోడా పోసి, మీద నీళ్లు కుమ్మరించాను. బుస్సుమని పొంగింది. కాస్టిక్ అల్యూమినియాన్ని తినేస్తుందని, అప్పుడు పుట్టే వాయువుకు నిప్పు తగిలితే భగ్గుమంటుందని నాకేం తెలుసు? పొయ్యి ఇంకా వెలిగించలేదు కాబట్టి బతికాను. చేతి మీద పడింది కాస్తే. మొదట మంట కూడా లేదు, సబ్బు రాసినట్టు జారుడుగా ఉంది. ఎవరో వెన్న రాయమన్నారు. మీ పెదనాన్న వినలేదు. నన్ను లాక్కెళ్లి, చేయి బోరింగు కింద పెట్టించి, అరగంట సేపు పంపు కొడుతూనే ఉన్నారు, తిడుతూనే ఉన్నారు. పెళ్లయ్యాక ఆయన నాతో ఏకబిగిన అంతసేపు మాట్లాడింది అదే మొదటిసారి. డేగిసా ఖరీదు కట్టాం. శుభలేఖలు చేయలేకపోయాం.

ఆ చుక్క ఇంకాస్త పైకి ఎగిరి ఉంటే కన్ను పోయేది. ఇన్నేళ్లయినా ఆ ఆలోచన వస్తే లేచి కూర్చుంటాను. అందుకే నీకు కాస్టిక్ వద్దు. కిలో ఎండు నారకు, కాస్టిక్ అంత ఘాటు లేని సోడా యాష్ 200 గ్రాములు వేసి 3, 4 గంటలు ఉడికించు. వేళ్లతో లాగితే పోగు విడిపోవాలి. లేకపోతే ఇంకో గంట. స్టీలు గిన్నె తప్ప వేరేది వాడకు. చుట్టూ మూసుకునే కళ్లద్దాలు లేకుండా సోడా డబ్బా మూత తీయకు. నవ్వకు, నిజంగానే అంటున్నాను.

ఉడికాక గుజ్జును కడుగుతూనే ఉండు. కడిగిన నీళ్లలో చిటికెడు పసుపు వేసి చూడు. పారాణిలా ఎర్రబడితే సోడా ఇంకా ఉన్నట్టే.

అక్టోబరులో పెద్ద ఆర్డరు ఒప్పుకోకు. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, రెండు తుఫానులూ ఆ నెలలోనే వచ్చాయి. తడి కాగితం పెట్టుకుని పైకప్పు వైపు చూస్తూ కూర్చోవడం నాకు తెలుసు.

మా స్టీలు గంగాళం ఆదివారం బొబ్బిలి బస్సులో వేయిస్తాను, స్టాండుకు వచ్చి దించుకో. మూతకు సొట్ట ఉంది. అది మీ పెదనాన్న పని.

నీ పెద్దమ్మ