రేగడిలో కుంట తవ్వకం: సబ్‌సాయిలర్ కొనే ముందు నేల పదును చూడండి

ప్రశ్న: మాది కర్నూలు జిల్లా ఆదోని దగ్గర నల్లరేగడి పొలం. వానలు పడేలోగా చేలో 12 మీటర్ల పొడవు, 12 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల లోతుతో నీటి కుంట తవ్వుకుందామని మా 24 హెచ్.పి. చిన్న ట్రాక్టర్‌తో మొదలుపెట్టాను. రోటవేటర్ మూడుసార్లు తిప్పినా పైన నాలుగు వేళ్ల మందం పిండి లేచిందే తప్ప కింద రాయిలా ఉంది. నేల చవుడుబారి గట్టిపడిందని నా అనుమానం. పనిముట్లు అమ్మే డీలరు లోతు నేలను చీల్చే సబ్‌సాయిలర్ కొనమంటున్నాడు. ఈలోగా జిప్సం చల్లి, నేల గుల్లబారే ద్రావణమేదో పోయమన్నాడు. ట్రాక్టర్ బలం చాలడం లేదా? ఏం చేయమంటారు?

జవాబు: మీరు రాసిన లక్షణాలు చవుడువి కావు. నేల ఎండిపోయి గట్టిపడింది, అంతే. రేగడిలోని బంకమట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుని బిగిసిపోతుంది. ఏప్రిల్ ఎండలో పదును (దున్నడానికి సరిపడా తడి) లేని రేగడిని 50 హెచ్.పి. ట్రాక్టర్‌తో గీకినా బెడ్డలే లేస్తాయి.

ముందు రోటవేటర్ విప్పి పక్కన పెట్టండి. అది దున్నిన నేలను మెత్తగా చేసేది, గట్టి నేలను పగలగొట్టేది కాదు. ఎండు రేగడి మీద బ్లేడ్లు ఎగిరి పడతాయి, ఇంజిన్ బలాన్ని పనిముట్టుకు అందించే పీటీఓ షాఫ్టు జాయింట్లు దెబ్బతింటాయి, పైన పిండి లేవడం తప్ప కింద నేల కదలదు.

సబ్‌సాయిలర్ మాట. రేగడిలో 45 సెం.మీ. లోతున ఒక్క టైను (నేలను చీల్చే ఇనుప కొమ్ము) లాగాలన్నా 40-45 హెచ్.పి. పైబడిన బరువైన ట్రాక్టర్ కావాలి. మీ బండి బరువు టన్ను లోపు. ఇంజిన్ ఎంత అరిచినా చక్రాలకు నేల మీద పట్టు బండి బరువులో సగం మేరకే, అంటే 500 కిలోల లాగుడు దాటదు. టైను దిగి ఇరుక్కుంటే టైర్లు అక్కడే తిరుగుతాయి, లేదంటే ముందు చక్రాలు లేస్తాయి. అమ్మేవాడికి కమీషను వస్తుంది, మీకు షెడ్డులో ఇనుము మిగులుతుంది. మీ దగ్గర కల్టివేటర్ (టైన్ల గొర్రు) ఉంటే అదే చాలు.

ఇప్పుడు పదును. తవ్వే జాగా చుట్టూ జానెడు గట్టు వేసి, కల్టివేటర్‌తో పైపైన 8-10 సెం.మీ. చాళ్లు తీసి, 5 సెం.మీ. నీరు కట్టండి. కింద చెప్పే 20×8 కుంట కొలతతో 160 చదరపు మీటర్లకు 8 వేల లీటర్లు, అంటే రెండు ట్యాంకర్లు. ఎండిన రేగడిలో ఈ నీరు సుమారు 20-25 సెం.మీ. దాకా దిగుతుంది. ఒకేసారి రెట్టింపు పోస్తే రెట్టింపు లోతు తడుస్తుందనుకోకండి. పైపొర ఉబ్బి పగుళ్లు మూసుకుంటే నీరు దిగడం చాలా మందగిస్తుంది, పైన బురద మిగులుతుంది. సాయంత్రం కట్టి మూడు నాలుగు రోజులు వదిలేయండి.

రోజులు లెక్కపెట్టుకుని దిగవద్దు, మట్టిని చూసి దిగండి. 15 సెం.మీ. లోతు నుంచి గుప్పెడు తీసి అరచేతుల మధ్య తాడులా పేనండి. తెగకుండా 3 మి.మీ. దాకా, అంటే అగ్గిపుల్ల కన్నా కాస్త లావు వరకు సాగితే తడి ఎక్కువ, ఇంకో రోజు ఆగండి. పెన్సిల్ లావులోనే విరిగిపోతూ, బెడ్డను బొటనవేలితో నొక్కితే పొడిపొడిగా విడిపోతే అదే పదును. బెడ్డ పగలడానికి సుత్తి కావాల్సి వస్తే దాటిపోయింది. తడి ఎక్కువైనప్పుడు దిగితే జున్నులో కత్తి దిగినట్టు టైను చీల్చుకుంటూ పోతుంది. పక్క మట్టి పగలదు, పైగా చాలు గోడలు నున్నగా మెత్తుకుపోయి ఎండాక ఇటుకలవుతాయి. అందరూ చేసే తప్పు ఇదే. నీళ్లు పెట్టిన మర్నాడే దిగి, మళ్లీ డీలరు దగ్గరికి పరుగు.

కల్టివేటర్‌కు ఐదు టైన్లుంటే రెండే ఉంచి మిగతావి తీసేయండి. ఆ రెంటినీ 25-30 సెం.మీ. ఎడంలో బిగించండి. 5 సెం.మీ. వెడల్పున్న మొనదేలిన కర్రులు వేయండి, అరిగి మొద్దుబారినవి నేలలోకి దిగవు. టాప్ లింకు (పనిముట్టును ట్రాక్టర్‌కు కలిపే పై కడ్డీ) కొద్దిగా కుదిస్తే కర్రు మొన కిందకు వంగి తేలిగ్గా దిగుతుంది. మొదటి విడత 12 సెం.మీ., రెండో విడత అదే జాగాలో అడ్డంగా 20 సెం.మీ. ఒక్క దెబ్బకు 30 దించాలని చూడకండి. సన్నటి టైను తన వెడల్పుకు ఐదారు రెట్ల లోతు దాటితే మట్టిని పైకి లేపదు, పక్కలకు నొక్కి ఇంకా బిగిస్తుంది. లోతు రెట్టింపైతే లాగుడు భారం రెట్టింపుతో ఆగదు, అంతకు మించి పెరుగుతుంది. అన్నిటికన్నా చిన్న గేరు, గంటకు 2 కి.మీ. వేగం. స్ప్రింగు టైన్లు మాటిమాటికీ వెనక్కి మడుస్తుంటే పదును లేదని అర్థం. స్ప్రింగు బిగించకండి, పని ఆపండి.

చక్రం జారుడు ఇలా కొలవండి. వెనక టైరు మీద సుద్దతో గీత గీసి, కల్టివేటర్ ఎత్తి పది చుట్లకు ఎంత దూరం పోయిందో చూడండి. చిన్న బండికి దాదాపు 29 మీటర్లు వస్తుంది. దించి లాగుతున్నప్పుడు పది చుట్లకు 25 మీటర్ల లోపే పోతే లోతు తగ్గించండి. డీజిల్ అక్కడే పోతోంది. బరువు కోసం మనుషుల్ని కల్టివేటర్ మీద నిలబెట్టకండి. కావాలంటే వెనక టైర్లలో ముప్పావు వంతు నీరు నింపించి, ముందు బరువులు వేయండి. టైను ఇరుక్కుంటే క్లచ్ ఒక్కసారిగా వదలకండి. లిఫ్టు ఎత్తి, వెనక్కి వచ్చి, మళ్లీ దిగండి.

కుంట కొలతలు మార్చుకోండి. 12×12 గుంతలో కల్టివేటర్ తగిలించిన బండి తిరగడం కష్టం. 20 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల లోతు, గోడలకు మీటరు లోతుకు ఒకటిన్నర మీటరు వాలు పెడితే దాదాపు 175 ఘనపు మీటర్లు, అంటే లక్షా 75 వేల లీటర్లు పడుతుంది. తవ్వేటప్పుడు పొడుగు చివర్లు రెండూ మీటరు లోతుకు ఐదు మీటర్ల వాలుతో ఉంచితే బండి ఒక వైపు దిగి మరో వైపు ఎక్కుతుంది. 20 సెం.మీ. చొప్పున ఐదు పొరలు తీస్తే మీటరు. ప్రతి పొరకూ నీరు కట్టడం, ఆగడం తప్పదు.

మీటరు దాటాక ట్రాక్టర్‌తో ఆపేయండి. వాలు గోడల వల్ల మొత్తం మట్టిలో సుమారు మూడింట రెండు వంతులు పై మీటరులోనే ఉంటుంది. అడుగున మిగిలిన భాగం సన్నం, అక్కడ ట్రాక్టర్ బోల్తా పడే ప్రమాదం ఎక్కువ. రెండు మూడు గంటలు జేసీబీ పెట్టించుకుంటే అడుగు పని, చివర్ల సర్దుబాటు రెండూ అవుతాయి. నిజానికి మొత్తం కుంట జేసీబీకి ఒక్క రోజు పని. మీ బండి వెనక స్క్రాపర్‌తో తడవకు 0.2 ఘనపు మీటర్లు లాగితే పై మీటరుకే కనీసం 500 తడవలు పడతాయి. చేతిలో తీరిక, ఇంట్లో మనుషులు ఉంటేనే ట్రాక్టర్ లెక్క కలుస్తుంది. లెక్క వేసుకుని దిగండి. నింపిన ట్రాలీని మాత్రం గుంతలోకి దించవద్దు, ఆ వాలు మీద చిన్న బండి దాన్ని పైకి లాగలేదు.

పై 20 సెం.మీ. మట్టిని విడిగా పోయించి చేలో పరచండి, అది పంట మట్టి. కింది మట్టి కట్టకు వాడండి. కట్ట అడుగును గుంత అంచుకు కనీసం మీటరు దూరంలో ఉంచండి. అంచు మీదే పోస్తే ఆ బరువుకు రేగడి గోడ జారుతుంది. మొదలుపెట్టే ముందు చేతి ఆగర్‌తో (మట్టిలో రంధ్రం వేసే బర్మాతో) మధ్యలో రెండున్నర మీటర్ల రంధ్రం వేసి చూడండి. గరుసు తగిలితే దానికి 30 సెం.మీ. పైనే ఆపాలి, లేకపోతే నీరు నిలవదు.

ఇక జిప్సం. అది సోడియం ఎక్కువున్న క్షార నేలలకు, ఉదజని సూచిక (పీహెచ్) 8.5 దాటినప్పుడు, పరీక్ష చెప్పిన మోతాదులో వేసేది. నీటితో కడిగి నెలల తరబడి ఆగితేనే ఫలితం. తవ్వకం తేలిక కావడానికి పనికిరాదు. ఆ ద్రావణం కూడా అంతే, డబ్బులు దండగ. మట్టి పరీక్ష చేయించకుండా డీలరు నోటి మాట మీద బస్తాలు మోయడం ఎప్పుడు మానతారో! చవుడు అనుమానం ఉంటే ఒక గాజు గ్లాసులో వాననీరు గానీ డిస్టిల్డ్ వాటర్ గానీ పోసి, శనగగింజంత ఎండు బెడ్డ వేసి కదపకుండా రెండు గంటలు ఉంచండి. బెడ్డ చుట్టూ పాల రంగు మబ్బు కమ్మితే సోడియం ఉన్నట్టు లెక్క. అప్పుడు అడుగు పొర మట్టిని పరీక్షకు పంపండి. అలాంటి మట్టితో కట్ట వేస్తే మొదటి వానకే బుంగలు పడతాయి, జిప్సం అవసరమైతే అక్కడ, కట్టలో.

మే నెలలో గట్టి వాన పడితే బండిని గుంతలోకి దించకండి. నీరు తోడేసి, పైన చెప్పిన తాడు పరీక్షలో మట్టి విరిగే దాకా ఆగి, అప్పుడు తర్వాతి పొర మొదలుపెట్టండి.