డాక్యుమెంటేషన్ రాస్తూ కూర్చుంటే కెరీర్ ఏమవుతుంది?

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ సీఎస్‌ఈ మూడో సంవత్సరం. ఒక చిన్న కంపెనీలో ఇంటర్న్‌గా, సోషల్ మీడియా డేటా తెచ్చే టూల్స్‌కు ఏఐ ఏజెంట్లు (టూల్స్ వాడి సొంతంగా పనులు చేసే ఏఐ ప్రోగ్రాములు) చదివే డాక్యుమెంటేషన్, అంటే ఆ టూల్స్ ఎలా వాడాలో చెప్పే వివరణ, రాస్తోంది. ఇదే లైన్‌లో ఉంటానంటోంది. తోటివాళ్లంతా లక్షకు పైగా కట్టి ఏజెంటిక్ ఏఐ కోర్సులో చేరుతున్నారు. రెండింటిలో ఏది మంచిది?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: మీరు అడిగింది ‘ఏది మంచిది’ అని. మీ మనసులో ఉన్నది మాత్రం ‘కోడింగ్ రాక రాతపనిలోకి జారిపోతోందా’ అన్న దిగులు. టెస్టింగ్‌లోనో సపోర్ట్‌లోనో చేరిన పిల్లల తల్లిదండ్రులు కూడా నన్ను ఇదే అడుగుతుంటారు. అందుకే ముందు ఆ దిగులు సంగతి చూద్దాం.

2024 నవంబర్‌లో ఆంత్రోపిక్ అనే ఏఐ సంస్థ మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ తెచ్చింది. ఏజెంట్లను బయటి టూల్స్‌తో కలిపే ఉమ్మడి పద్ధతి అది. అందరూ ఎంసీపీ అంటారు. అందులో ప్రతి టూల్‌కూ ఒక పేరు, వివరణ, ఏ ఇన్‌పుట్ ఎలా ఇవ్వాలో చెప్పే స్కీమా ఉంటాయి. ఏ టూల్ వాడాలో ఏజెంట్ తేల్చుకునేది ఆ వివరణ చదివే. డెవలపర్‌కు అర్థం కాకపోతే పక్క సీటులో ఉన్నవాళ్లను అడుగుతాడు. ఏజెంట్ చాలాసార్లు ఎవరినీ అడగదు, తోచింది ఊహించుకుని ముందుకు పోతుంది.

యూట్యూబ్ డేటా ఏపీఐనే (యూట్యూబ్ సమాచారాన్ని ప్రోగ్రాములు అడిగి తీసుకునే దారి) తీసుకోండి. హైదరాబాద్‌లో మే 5 తెల్లవారుజామున 2 గంటలకు పెట్టిన వీడియోకు అది మే 4, 20:30 అని చూపిస్తుంది, ఎందుకంటే ఆ సమయం యూటీసీలో, అంటే మనకంటే ఐదున్నర గంటలు వెనక ఉండే అంతర్జాతీయ సమయంలో, ఉంటుంది. ఈ ముక్క వివరణలో లేకపోతే ఏజెంట్ తేదీ తప్పు చెబుతుంది. సబ్‌స్క్రైబర్లు 1,23,456 మంది ఉంటే చివరి అంకెలు సున్నాలు చేసి ఏపీఐ ఇచ్చేది 1,23,000. ఆ సంగతి రాయకపోతే, రోజూ కొత్తవాళ్లు చేరుతున్నా ‘ఈ వారం ఎవరూ చేరలేదు’ అని రిపోర్ట్ వస్తుంది. కామెంట్లు ఆపేసిన వీడియోకు ఏపీఐ ఎర్రర్ ఇస్తుంది. టూల్ దాన్ని ఖాళీ జాబితాగా మార్చేస్తే ‘జనం స్పందించలేదు’ అని ఏజెంట్ ధీమాగా రాసేస్తుంది. కోటా, అంటే ఏపీఐని రోజుకు ఎంత వాడుకోవచ్చన్న పరిమితి, లెక్క ఇంకోటి. చాలాకాలం నడిచిన పద్ధతిలో మామూలు కోటా రోజుకు 10,000 యూనిట్లు ఉండేది. ఒక్క సెర్చ్‌కే 100 పోయేవి, ఐడీతో వీడియో వివరాలు అడిగితే పోయేది 1. ‘ఐడీ తెలిస్తే సెర్చ్ వాడకూడదు’ అని ఒక్క వాక్యం రాసిపెడితే మధ్యాహ్నానికే కోటా అయిపోయే బాధ తప్పుతుంది.

ఇవి పట్టుకోవాలంటే ఏపీఐని పిలిచి చూడాలి, అది డేటా పంపే జేసన్ ఫార్మాట్ చదవాలి, కోడ్ తిరగేయాలి. కోడింగ్ రానివాళ్ల వల్ల అయ్యే పని కాదండీ ఇది.

ఇక ఆ కోర్సు. అన్ని కోర్సులూ దండగ అనను. కానీ నేను చూసిన సిలబస్‌లలో చాలావాటిలో ఉన్నది ఒక ఫ్రేమ్‌వర్క్ (ఏజెంట్లు కట్టడానికి ముందే సిద్ధంగా ఉన్న కోడ్) ఇన్‌స్టాల్ చేయడం, తయారుగా ఉన్న డెమో నడపడం, చివర్లో సర్టిఫికెట్. ఆ ఫ్రేమ్‌వర్క్ నెలల్లోనే మారిపోతుంది. నడుస్తున్న ఏజెంట్ తప్పు జవాబు ఇస్తే తప్పు మోడల్‌దా, టూల్‌దా, వివరణదా అని వెతకడం ఆ సిలబస్‌లలో నాకు పెద్దగా కనిపించలేదు. ఇంటర్వ్యూలో అడిగేది మాత్రం అదే. అమీర్‌పేటలో బోర్డు మారినప్పుడల్లా పిల్లల్ని అటు పరుగెత్తించే అలవాటు మనకు ఎప్పటినుంచో ఉంది. ఆ పరుగుకు అప్పు చేసి ఫీజు కట్టినవాళ్లను చూశాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. మీ అమ్మాయి రాసిన పేజీ ఒక్కటైనా చదివారా? ఉత్తరంలో ఫీజు గురించి, తోటివాళ్ల గురించి ఉంది. ఆమె ఏం రాస్తోందో, ఎందుకు ఇష్టపడుతోందో ఒక్క ముక్క లేదు. చుట్టాలకు చెప్పుకోవడానికి హోదా బాగుండాలన్న ఆరాటం మీది. దాన్ని ఆమె మీద రుద్దకండి.

ఆమె దారిలో చిక్కులు లేవని కాదు. క్యాంపస్‌కు ఈ పేరుతో వచ్చే ఉద్యోగాలు తక్కువ. మొదటి డ్రాఫ్ట్ ఇప్పుడు ఏఐ కూడా రాస్తుంది. కాబట్టి రాయడం ఒక్కటే నమ్ముకుంటే ఇబ్బందే. పైథాన్ (ప్రోగ్రామింగ్ భాష), గిట్ (కోడ్ మార్పుల లెక్క ఉంచే టూల్) వదలకూడదు. ఏపీఐలను వివరించే ప్రమాణమైన ఓపెన్‌ఏపీఐ స్పెసిఫికేషన్ మీద బాగా పట్టు చిక్కాలి. మన దేశంలో 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఏం చెబుతుందో తెలియాలి, సోషల్ మీడియా డేటా అంటే మనుషుల డేటానే కదా. గూగుల్ టెక్నికల్ రైటింగ్ పాఠాలు ఉచితంగానే దొరుకుతాయి. ఇవన్నీ ఉంటే బ్యాకెండ్ డెవలపర్, డెవలపర్ రిలేషన్స్ (కంపెనీ టూల్స్ వాడే డెవలపర్లకు సాయపడే పని), ఏఐ టూల్స్ టెస్టింగ్, ఏ ఉద్యోగానికైనా ధైర్యంగా అప్లై చేయొచ్చు. మూడో ఏడులోనే నిజమైన టూల్స్ మీద చేయి పెట్టిన పిల్ల వెనకబడిపోతుందని భయపడక్కర్లేదు.

కోర్సు ఫీజు ప్రస్తుతానికి కట్టకండి. ఇంటర్న్‌షిప్ పూర్తయ్యేలోపు ఆమెను ఒక పని చేయమనండి. ఏదైనా ఒక టూల్‌కు పాత వివరణతో, తను తిరగరాసిన వివరణతో ఒకే ప్రశ్నల జాబితాను ఏజెంట్‌కు ఇచ్చి, ఎక్కడెక్కడ తప్పు తగ్గిందో గిట్‌హబ్‌లో (కోడ్ అందరికీ కనిపించేలా పెట్టే వెబ్‌సైట్) పెట్టమనండి. కంపెనీ టూల్ అయితే ముందు వాళ్ల అనుమతి తీసుకోవాలి, లేదంటే పబ్లిక్ ఏపీఐ మీద చేసినా సరిపోతుంది. రెజ్యూమెలో మొదటి లైన్‌గా ఆ లింకే పెట్టమనండి.